నూతిలో తాబేలు

“నూతిలో తాబేలుంటే ఇప్పుడే చెప్పెయ్యండి మాస్టారూ. తీసుకెళ్ళి కాలవలో వదిలేస్తాం. కేసుండదు. దాచేరనుకోండి, ఇంక నా చేతుల్లో ఉండదు,” అంది అటవీశాఖ ఆఫీసరు సత్యదుర్గ.

పురుగూ పుట్రా తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని నూతిలో తాబేలును వదలడం కొత్తపేట దగ్గర ఆ ఊళ్ళో తాతలనాటి అలవాటు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని నిన్న పంచాయతీ మైకులో చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

“మా నూతిలో అలాంటివేం లేవండి,” అన్నాడు పాపారావు మాస్టారు ధీమాగా. ఆ ధీమాతో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. “దొరికితే ఎన్నాళ్ళేస్తారండీ?”

“మూడేళ్ళకి తగ్గదండి.”

“అదే వచ్చి పడితేనో?”

“అప్పుడు పెంచినట్టు కాదు. కానీ మీ నూతి గట్టు నడుమెత్తుంది. ఎలా ఎక్కుతుంది మాస్టారూ?”

“ఆయ్, నిజమేనండి,” అని ఒప్పుకున్నాడు పాపారావు.

సుగుణ భర్తను వంటింట్లోకి పిలిచింది. “మనదేమైందండీ?” అని గుసగుసగా అడిగింది.

“పొద్దున్నే బకెట్టుతో తోడి శ్యామ్ బాబు నూతిలో వదిలేసేను.”

“అయ్యో, పక్కింటాయన కదండీ, పాపం.”

“రిటైర్మెంటుకి ఇంకా ఏడాదుంది. కేసయితే నా ఉద్యోగం ఊడుతుంది. పాపం ఆయనకా, నాకా?”

సుగుణకు కోపమొచ్చింది గానీ, అప్పటికే బయటి నుంచి సత్యదుర్గ పిలిచింది.

“అమ్మా, గుప్పెడన్నం పెట్టండి.”

సుగుణ తెచ్చిన అన్నాన్ని సత్యదుర్గ నూతిలోకి విసిరింది. పాపారావు కూడా సరదాగా వంగి చూశాడు. నీళ్ళు కదిలాయి. బుల్లి తల ఒకటి పైకొచ్చి మెతుకులు ఏరుకు తినసాగింది.

వెంట వచ్చిన గార్డు బకెట్టు వేసి తోడాడు. కాళ్ళు ఆడిస్తూ తాబేలు గట్టెక్కింది.

“మనది కాదండీ ఇది,” అంది సుగుణ పాపారావు చెవిలో. “మనది ఇందులో సగం కూడా ఉండదు.”

సత్యదుర్గ కాగితం తీసి పాపారావు పూర్తి పేరు అడిగింది.

అప్పుడే పిట్టగోడ మీంచి శ్యామ్ బాబు నవ్వుతూ ఒక గిన్నె పైకెత్తి చూపించాడు.

“మేడమ్ గారూ, తర్వాత మా నుయ్యేనండి. అన్నం నేనే తెచ్చేను.”