గోడవతలి గొంతు

పాత పుస్తకాల షాపులో కొత్త మూట విప్పారు.

పిల్లను చంకనేసుకుని, అందరికంటే ముందు ఆమె వచ్చి వాలింది.

"వచ్చావా? దయ్యాలు నీకోసమే కాచుక్కూచున్నాయి," అన్నాడు షాపాయన.

"ప్రేమించే దయ్యాలేనా బాబాయ్? పీక నొక్కేవి నాకొద్దు."

"నీ సంగతి తెలీదా? ప్రేమించేవే ఏరి పక్కన పెట్టాను."

చదువు మధ్యలో ఆగిపోయినా పుస్తకాల పిచ్చి ఆగలేదు ఆమెకు. నెత్తురు తాగేవాడు ప్రేమిస్తే ఎలా ఉంటుందో, పౌర్ణమికి తోడేలయ్యేవాడు ప్రేమిస్తే ఎలా ఉంటుందో గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు.

అన్నిటిలోకీ ప్రాణం మాత్రం గోడవతలి గొంతు కథలు.

పెళ్ళికి ముందే చచ్చిపోయినవాడు. కనిపించడు, ముట్టుకోడు. గోడవతల నుంచి మాట్లాడతాడు, అంతే. ఆ గొంతు అరచేతిలో పట్టుకున్న పిట్ట గుండెలా కొట్టుకుంటుందని రాసి ఉంటుంది. అది చదివిన రోజు ఆమె లేచి వెళ్ళి వంటింటి గోడకు చెయ్యి ఆనించి చూసుకుంది.

ఇవాళ మూటలో ఆమె చదవని గోడ కథ ఒకటి దొరికింది.

ఆగలేకపోయింది. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి అక్కడే పైకి చదవడం మొదలుపెట్టింది. రెండేళ్ళ పిల్ల రెప్ప వెయ్యకుండా తల్లి ముఖంలోకి చూస్తోంది.

"చూశావా బాబాయ్, కథలంటే చెవి కోసుకుంటుంది నా కూతురు."

"మాటలొచ్చాయా?"

"ఇంకా లేదు. వాళ్ళ నాన్నకూ ఆలస్యమేనట, మా అత్తగారు చెప్పారు."

చెప్పింది కానీ, ఆ ప్రశ్న ఎవరు అడిగినా ఆమె గుండె ఒక్కసారి జారుతుంది.

అలమరాకు అడ్డంగా ఒక ముసలావిడ నిలబడి ఉంది.

"కాస్త జరుగుతారా పెద్దమ్మా?" వెనక నుంచి అడిగింది ఆమె.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎంత పొగరో అనుకుంది.

కాసేపటికి ముసలావిడే ఇటు తిరిగింది. తల్లిని వదిలేసి పిల్లనే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత ఒక లావుపాటి పుస్తకం తీసి, పిల్ల వెనక్కి వెళ్ళి, నేల మీద దభీమని పడేసింది.

తల్లి ఉలిక్కిపడింది.

ముసలావిడ ఆ ఉలికిపాటును చూసింది. ఆ తర్వాత పిల్లను చూసింది.

అమ్మ ముఖం మారడం చూసి పిల్ల నవ్వుతోంది.

"ఏంటండీ ఇది? పిల్ల జడుసుకుంటే?"

"జడుసుకోలేదుగా." ఎత్తూ పల్లం లేని గొంతుతో అంది ముసలావిడ. "దీనికి వినపడదు. డాక్టరుకి చూపించు."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దమ్మా. కథ చదివితే కళ్ళార్పకుండా వినే పిల్ల ఇది."

"వినడం లేదు. చూస్తోంది."

ఆమె పిల్లను ఎత్తుకుని, పుస్తకాలు సంచిలో కుక్కుకుని విసవిసా నడిచింది.

"మహాతల్లికి ఏ దయ్యం పూనిందో," గుమ్మంలో గట్టిగానే అంది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచింది. పిల్ల ఎప్పటిలాగే ఎదురుగా చేరింది.

చదువుతూ చదువుతూ, ఎందుకో పుస్తకం పైకెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. చదవడం మాత్రం ఆపలేదు.

పిల్ల పక్కకు వంగి చూసింది. రెండు చేతులతో పుస్తకాన్ని కిందికి లాగింది. తల్లి పెదాలు కనిపించాక స్థిమితపడింది.

ఆమె మళ్ళీ అడ్డం పెట్టింది. పిల్ల మళ్ళీ లాగింది.

ఇంకోసారి పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "రెండు చెవులూనమ్మా. పుట్టుకతోనే. మిషన్ పెడితే కొంత వినపడొచ్చు, ఎంతన్నది చెప్పలేం. ఇప్పుడైనా తెచ్చారు, నయం. ఇంకా ఆలస్యమైతే మాట నేర్పడం గగనమయ్యేది. ఎవరు కనిపెట్టారు?"

"నేను తిట్టిన ఒక పెద్దమ్మ," అంది ఆమె.

అక్కడి నుంచి తిన్నగా షాపుకే వెళ్ళింది.

"ఆ పెద్దమ్మ ఎక్కడుంటారు బాబాయ్? కాళ్ళ మీద పడాలి."

షాపాయన చేతిలో పని ఆపాడు. "పోయారమ్మా. పోయిన వారమే. నిద్రలోనే."

ఆమె పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"అంత చప్పున ఎలా కనిపెట్టారు బాబాయ్?"

"ఆవిడకీ అంతేగా. పాకే వయసులోనే చెవులు పోయాయట. మన పెదాలు చూసి మాట్లాడేవారు."

ఆ రోజు వెనక నుంచి తను అడిగిన మాట ఆవిడను చేరనే లేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

పిల్ల ఆమె చీర కొంగు పట్టుకుని ఆడుకుంటోంది.

"ఆవిడ ఎలాగో నెట్టుకొచ్చారు. నా పిల్ల గతేంటి బాబాయ్? ఒక మాట లేదు, ఒక పాట లేదు. లోపలంతా చీకటేగా దానికి. ఆ గోడ కథల్లో గొంతు చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటిది ఒక్కటైనా దానికి తెలుస్తుందా?"

షాపాయన అలమరాలోంచి ఒక గోడ కథ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బతికుండగా చెప్పొద్దన్నారు తల్లీ. జాలిపడేవాళ్ళకి ఒళ్ళు జలదరించదు అనేవారు," అన్నాడు. "ఆ గొంతు రాసింది ఆవిడే."