ఏది నొక్కినా అదే

"ఏది ఒత్తినా గదే రావాలె!" ఎల్లవ్వ చేత్తో బల్ల మీద కొట్టింది. చేతి వెండి కడియం బల్ల అద్దానికి తగిలి ఠంగుమంది.

బోధన్ బస్టాండు పక్క సందులో వీడియో మిక్సింగ్ దుకాణం అది. ఆత్మారాం కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఆమె పెద్దకొడుకు సాయన్న ఫోటో ఉంది. ఫోటో కింద నాలుగు చిన్న బొమ్మలు. అంతిమయాత్ర, పిట్టకు పెట్టుడు, దినాలు, భోజనాలు. డీవీడీ వేయగానే ఇవే కనిపిస్తాయి. రిమోట్‌తో ఏ బొమ్మ నొక్కితే ఆ భాగం మొదలవుతుంది.

"నాలుగిట్ల ఏది ఒత్తినా ఒక్కటే వస్తే, గీ బొమ్మలన్ని ఎందుకవ్వా?" అన్నాడు ఆత్మారాం.

"తప్పించుకునే తొవ్వ ఉండొద్దు, గందుకు. అది పెట్టిన ఇస్తారి పిట్ట ముట్టలే. గా ముచ్చట పెద్దగ కనవడాలె. మెల్లగ నడవాలె. కులపోళ్లంత కండ్లార సూడాలె."

'అది' అంటే కోడలు తిరుపతమ్మ. జ్వరంతో ఉన్న మొగుణ్ణి చెరుకు కొట్టడానికి తోలి చంపిందని ఎల్లవ్వ నమ్మకం. మూడోనాడు పిట్టకు కూడు పెట్టేటప్పుడు, కాలువ గట్టు మీద తిరుపతమ్మ పెట్టిన విస్తరిని కాకి ముట్టలేదు. కెమెరాను గట్టు మీదే నడవనిచ్చి, అందరూ దూరంగా అటు తిరిగి గంటసేపు ఆగారు. ఆడవాళ్లు చివరికి ఎల్లవ్వను బలవంతంగా లేపి ముఖం కడిగించడానికి కాలువలోకి దించినప్పుడు, చిన్నకొడుకు రాందాస్ ఇంకో విస్తరి పెట్టాడు. దాన్ని కాకి వెంటనే ముట్టింది. చచ్చినవాడికే పెళ్లాం మీద కోపముందని ఊరు అనుకుంది. ఎల్లుండి ఏడాది మాసికం. తిరుపతమ్మ ఆ ఇంట్లో ఉండాలో, పుట్టింటికి పోవాలో కులపెద్దలు ఆరోజే తేలుస్తామన్నారు.

"అవ్వా, డిస్కుకు ఎక్కినంక మల్ల మార్చరాదు. ఒక్కపారి మొత్తం సూసి పో."

"నా కొడుక్కు పెట్టిన పిట్టకూడు నేను సూడాల్నా?" ఎల్లవ్వ ముఖం తిప్పుకుంది. "నాకెరుక లేదా? అందరు దూరం జరిగి అటు మర్లి నిలవడ్డా, నేను ఇస్తారి పక్కపొంటే కూసున్న. ఎవలు లేపినా లేవలే. ఏడ్సి ఏడ్సి కండ్లు కనవడలే నాకు."

"గది కాదవ్వా, అండ్ల..."

"చెప్పిన పని చెయ్యి బిడ్డా."

ఆత్మారాం ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తెరను తన వైపు తిప్పుకున్నాడు.

మాసికం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో పందిరి కింద టీవీ పెట్టారు. పెద్దమనిషి దేవయ్య ముందు వరసలో మంచం మీద కూర్చున్నాడు. తిరుపతమ్మ గడప పక్కన గోడకు ఒదిగింది. ఎల్లవ్వ టీవీకి వీపు పెట్టి, సరిగ్గా కోడలికి ఎదురుగా కూర్చుంది. ఆమెకు తెరతో పని లేదు. ఆమె చూడాలనుకున్నది కోడలి ముఖం.

"ముందుగాల అంతిమయాత్ర పెట్టురా," అన్నాడు దేవయ్య. రాందాస్ రిమోట్ నొక్కాడు.

"గిదేందిరా, కాలువ గట్టు వచ్చింది?"

"అంతిమయాత్రనే ఒత్తిన పెద్దబాపూ."

గుసగుసలు లేచాయి. తర్వాత అణిగిపోయాయి. తిరుపతమ్మ రెప్ప వేయకుండా తెర వైపే చూస్తోంది. ఆమె పెదవులు వణకడం ఎల్లవ్వ చూసింది. ఏడాదిగా మండుతున్న కడుపు చల్లబడినట్టయింది.

రాందాస్ ఇంకో బొమ్మ నొక్కాడు. మళ్లీ అదే గట్టు. పక్కింటి బాలవ్వ ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో బొమ్మకూ అదే.

"ఇగ సాలు. బందు చెయ్యిరా," అన్నాడు దేవయ్య, తల వంచుకుని.

"ఎందుకు బందు?" ఎల్లవ్వ లేచి కొడుకు చేతిలోని రిమోట్ గుంజుకుంది. "ఏడాది సంది ఎవ్వలన్న నోరు తెరిసిండ్రా? ఇప్పుడు నా కొడుకే సాక్షి చెప్తున్నడు. ఇనుండ్రి!"

"అమ్మా, వద్దే," అన్నాడు రాందాస్.

"నువ్వు సప్పుడు చెయ్యకు. వదినె మీద గంత ప్రేమనా?"

తిరుపతమ్మ గబగబా వచ్చి అత్త చేయి పట్టుకుంది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. వద్దు. నన్ను మా అవ్వగారింటికి పొమ్మంటే గిప్పుడే పోత. గది మాత్రం బందు చెయ్యి."

"ఇప్పుడు సిగ్గయితుందా?" ఎల్లవ్వ చేయి విదిలించుకుంది. "నా బిడ్డ నోటికాడి ముద్ద ఎవలి పాపానికి ఆగిందో అందరు సూడాలె!"

రిమోట్‌ను వీపు వెనక్కి చాపి చివరి బొమ్మ కూడా నొక్కింది. జనం వైపు తిరిగింది. ఎవరూ తిరుపతమ్మను చూడడం లేదు. అందరూ తననే చూస్తున్నారు. బాలవ్వ అయితే ఏడుస్తోంది. వీళ్లకేమైందో ఎల్లవ్వకు అర్థం కాలేదు. అప్పుడు, మొదటిసారి, తెర వైపు చూసింది.

గట్టు మీద విస్తరి. దూరంగా తిరుపతమ్మ చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. కాకి దిగింది. మెల్లగా, ఎల్లవ్వ అడిగినంత మెల్లగా రెక్కలు ముడుచుకుంది. ఒక్కో అడుగే వేస్తూ విస్తరి దగ్గరికి వచ్చి ముక్కు వంచింది. తెర అంచు నుంచి ఒక చేయి పైకి లేచి ధబీమని నేలను కొట్టింది. కాకి ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది. చేయి మళ్లీ లేచింది.

ఆ చేతికి వెండి కడియం ఉంది.