పదిహేనో దినం అనుములు

ఈరక్క సంచిలో రెండు చీరలు కుక్కి, వాటి మీద అనుముల మూట పెట్టింది.

గోపన్న గడపకు అడ్డం నిలబడ్డాడు. నిన్ననే వాన పడింది. నేలలో పదును రెండు రోజులకు మించి ఉండదు. “ఇత్తనాలు యాడికి ఎత్తుకపోతాండావు?”

“మా నాయన చేనికి. నువ్వు మొక్కజొన్నతో కలిపి ఒకే సాల్లో పోస్తే, పోయినేడు మాదిరే తీగ చుట్టుకొని పైరును పండబెడతాది. రెండు సాళ్లు మొక్కజొన్న వేసి, ఒక సాలు ఖాళీగా ఇడువు. ఆ సందులో పదిహేనో దినం అనుములు. ఇంటావా?”

“పదును ఆరిపోయినాక నీ పదిహేనో దినం ఎవురికి కావాల?”

“అట్లయితే నువ్వే మొలిపించుకో పో.”

ఈరక్క ఆటో ఎక్కేసింది.

గోపన్న వాళ్ల అన్న శేషన్న ఎద్దులు కడుతూ పకపకా నవ్వాడు. “ఇత్తనాలూ పాయె, పెండ్లామూ పాయె! ఏం జేస్తావప్పా?”

“మాపటికి రెండూ తెస్తా. అది నన్ను ఇడిచి ఒక పూట ఉండలేదన్నా!”

గోపన్న అత్తగారి ఊరి చేనికి పోయేసరికి, మామ బొజ్జన్న మోకాలికి పట్టీ వేసుకొని గట్టు మీద కూర్చున్నాడు. అక్కడ మొక్కజొన్న అప్పటికే జానెడు లేచింది. జంట సాళ్ల సందున ఈరక్క పుల్లతో గుంతలు పొడిచి, రెండేసి గింజలు వేస్తోంది.

“ఇంటికి పా.”

“నాయన లేవలేడు. ఈ చేను ఎవురు ఇత్తుతారు? నువ్వు పో.”

“నువ్వు రాకుంటే నేనూ పోను.”

“కూర్చో, ఎవురొద్దన్నారు?”

కాసేపు కూర్చున్నాడు. ఉండబట్టలేదు. “అంత దగ్గర దగ్గరగానా ఏసేది? జానెడన్నా ఇడువుమ్మే!”

“గట్టు మీద నుంచి చెప్పేదానికి నేనుండాను కదా,” అన్నాడు బొజ్జన్న. “నువ్వు దిగు అల్లుడా.”

గోపన్న పంచె ఎగ్గట్టి దిగాడు. అతను గుంత పొడుస్తుంటే ఆమె గింజ వేసింది. మూడో సాలుకు వచ్చేసరికి ఇద్దరూ పందెం కట్టి నవ్వుకుంటున్నారు.

ఊళ్లో శేషన్న మాపటిదాకా దారి చూసి, మరునాడు సందులు విడిచి మొక్కజొన్న ఒక్కటే విత్తాడు. పదిహేనో దినం ఈరక్క మూట తెచ్చి, ఆ సందుల్లో అనుములు వేసి పోయింది. ఆమెను పిలుచుకొస్తానని నిరుడు మృగశిర కార్తె రెండో సోమవారం పోయిన గోపన్న మాత్రం మామ ఇంట్లో ఇల్లరికం ఉండిపోయాడు, ఇంతవరకు తిరిగి రాలేదు.