పదకొండో టేకు

“ఇంకొక్కసారి” అంది దర్శకురాలు.

ఏడోసారి మోకరిల్లిన ముసలి నటుడు గోడ పట్టుకుని లేచి, మళ్లీ గుమ్మం దగ్గరికి నడిచాడు. ఆయన ఆమెకు కన్నతండ్రి. పదేళ్ల పిల్లను వదిలేసి వేషాల కోసం వెళ్లిపోయాడు. భార్య పోయిన రోజున కూడా “షూటింగుంది, రాలేను” అని కబురు పంపి ఊరుకున్నాడు. ఇన్నేళ్లకు కూతురే పిలిచి తండ్రి వేషం ఇచ్చింది.

సినిమా కథా ఇంచుమించు అదే. ఇప్పుడు తీస్తున్నది తండ్రి క్షమాపణ అడిగే క్లోజప్. కూతురి వేషం వేసే అమ్మాయి వెళ్లిపోయింది. ఆయన చూపు నిలపడానికి కెమెరా పక్కన దర్శకురాలే నిలబడింది.

“ఈ ఒక్క సీను చాలమ్మా, మళ్లీ నిలదొక్కుకుంటాను” అన్నాడాయన పొద్దున.

ఆ మాట ఆమెకు ఒళ్లు మండించింది. వెంటనే కెమెరామన్‌ను పక్కకు పిలిచింది.

“నేను చెప్పేదాకా కెమెరా ఆన్ చెయ్యకండి. రోలింగ్ అని మాత్రం అనండి.”

“పెద్దాయన కదా మేడమ్...”

“అందుకే.”

రేపు ఆయన థియేటర్లో కూర్చుని ఆ సీను కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాలి. అమ్మ గుమ్మం వైపు అలాగే చూస్తూ పోయింది.

ఎనిమిది. తొమ్మిది. పది.

“ఏడుపు నటనలా ఉంది సర్. మీకు ఇంకేమీ రాదా?”

ఆయన మళ్లీ గుమ్మం నుంచి నడిచొచ్చాడు. పదకొండోసారి మోకరిల్లి, ఆమె కళ్లలోకి చూశాడు.

“మీ అమ్మ పోయిన రోజు పనుందన్నాను. అబద్ధం. నీకు ముఖం చూపించే ధైర్యం లేక రాలేదు. క్షమించకపోయినా సరే, ఈ మాట విను.”

ఆమె చేతిలోని స్క్రిప్టు తిప్పింది. “ఆ ముక్కలు స్క్రిప్టులో లేవు.”

“పనికిరాకపోతే తీసెయ్యమ్మా.”

“ఓకే. ప్యాకప్.”

అనుకున్నంతా జరిగింది. పదకొండుసార్లు మోకాళ్లు అరగదీసుకున్నాడు, ఒక్కటీ ఆయనకు దక్కదు. కసి తీరిందని తనకు తనే చెప్పుకుంది.

ఆయన కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన ఆగాడు. ఎవరికీ వినబడకుండా అన్నాడు:

“మొదటి టేకు నుంచీ కెమెరా మీద రికార్డింగు ఎర్రలైటు వెలగలేదమ్మా.”