ఇక గేదెతో పనిలేదు

పత్రికా ప్రకటనలను మనుషులు చదవడం మానేసి చాలాకాలమైంది. ఇంటింటా ఉండే యంత్రాలే వాటిని చదివి, ప్రశ్నలడిగి, ఇంటివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాయి.

విశాఖలోని ఒక పాల పరిశోధనశాలలో ప్రచార అధికారి వకుళ. ట్యాంకులో తయారైన పాల గురించి 'ఇక గేదెతో పనిలేదు' అని ప్రకటన విడుదల చేసింది. మధ్యాహ్నానికి నలభై వేల ప్రశ్నలొచ్చాయి. ఆఫీసు యంత్రం అన్నిటికీ జవాబులిస్తుంటే వకుళ నిశ్చింతగా పులిహోర తింటోంది.

ఫోన్ మోగింది. మనిషే! చోడవరం నుంచి సన్యాసమ్మట.

"మా ఇంటి యంత్రం గేదెని అమ్మేయమంటంది. మీ ట్యాంకు పాలు తోడుకుంటాయేటమ్మా?"

నలభై వేల ప్రశ్నల్లో అది లేదు. శాస్త్రవేత్తలను అడిగింది. పదేళ్ళ పరిశోధనలో ఎవరూ తోడు పెట్టి చూడలేదు.

సాయంత్రం గిన్నెడు పాలు తోడు పెట్టారు. మర్నాడు తెల్లకోట్లన్నీ చుట్టూ మూగాయి కానీ, గిన్నె వంచే ధైర్యం ఎవరికీ లేదు. వకుళే వంచింది. పెరుగు కదల్లేదు!

వెంటనే ఫోన్ చేసింది.

"తోడుకుందండీ! గడ్డపెరుగు!"

"మంచిదే. తోడెక్కడిది?"

"మా ఇంట్లోంచి తెచ్చానండీ."

"మీ ఇంట్లోది ఏ పాలది?"

"గేదె పాలదేనండీ."

"మరి పనిలేదని రాసీసేవేటి తల్లీ? మా గేదెని నాను అమ్మను."

వకుళ ప్రకటన తెరిచి 'ఇక గేదెతో పెద్దగా పనిలేదు' అని దిద్దింది. మరుక్షణం నలభై వేల యంత్రాలు అడిగాయి: పెద్దగా అంటే, ఎంత పని ఉంది?

ఈసారి జవాబు వకుళే రాసింది: 'చెంచాడు.'