ఏనుగు ఎక్కిన నిచ్చెన

"ఆ నిచ్చెన ఊడి వస్తుంది. నేను ఒప్పుకోనంటే ఒప్పుకోను," అంది భార్య.

ముగ్గురూ క్యారవాన్ వెనక నిలబడి ఉన్నారు. భార్య, భర్త, బండి తయారుచేసిన షెడ్డు యజమాని. లోపల మంచం, వంటగట్టు, మడతబల్ల, అన్నీ చక్కగా అమిరాయి. భర్తది ఊళ్ళు పట్టుకుని తిరిగే ఉద్యోగం. అద్దె ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారు కాబట్టి ఇక వాళ్ళ కొంప ఈ బండే. కప్పు మీద సోలార్ పలకలు. వాటి మీద దుమ్ము తుడవాలంటే భర్త రోజు విడిచి రోజు ఆ నిచ్చెన ఎక్కాలి.

భర్తేమో భారీ మనిషి. బండి తలుపులోంచి పక్కకి తిరిగితేగానీ దిగలేడు.

"ఎందుకు ఊడుతుందమ్మా? నిక్షేపంలా ఉంది," అన్నాడు యజమాని.

"మరలు ఉత్త రేకులోకే దిగాయి. రేకు వెనక ఇనుప పట్టీ వేశారా?"

యజమాని తల గోక్కున్నాడు. వెయ్యలేదు. వెయ్యాలంటే లోపలి గోడంతా విప్పాలి. వారం పని.

"ఇన్నేళ్ళుగా చేస్తున్నాం. ఇలా ఎవరూ అడగలేదమ్మా."

"మా తమ్ముడూ అడగలేదు."

తమ్ముడు బండి కొన్నది వేరేచోట. నిచ్చెన రేకుతో సహా చేతిలోకి వచ్చింది. వెల్లకిలా పడ్డాడు. ఇప్పుడు మంచం మీద తల ఒక్కటే తిప్పగలడు. ఆకలేసినా దోమ కుట్టినా అమ్మ చూసుకోవాలి.

"అబ్బ! బయల్దేరేముందు ఆ గోలెందుకే," అని విసుక్కున్నాడు భర్త.

యజమాని చేతులు దులుపుకున్నాడు. "ముంజేతి కంకణానికి అద్దమెందుకమ్మా? మా ఏనుగుని పిలుస్తాను. వాడు ఎక్కి దిగాక మాట్లాడండి."

ఏనుగంటే ఆ షెడ్డులో వడ్రంగి. పనిలో చేరిననాడు సరదాకి కాటా ఎక్కిస్తే నూట పది కిలోలు తూగాడు. పేరు ఆరోజే పడింది. కొత్త నిచ్చెన బిగించగానే వాణ్ణి ఎక్కించి చూడడం కూడా అలాగే వేళాకోళంగా మొదలై, చివరికి అదే పరీక్ష అయి కూర్చుంది. ఏనుగు పైదాకా వెళ్ళి దిగాడా, తాళాలు ఇచ్చేయడమే. ఇసుక బస్తాలు వేలాడదీసి చూస్తే మేలు కదా అని ఎవరో అన్నారోసారి. "ఏనుగుండగా బస్తాలేంట్రా, పిచ్చి మొహాల్లారా!" అని యజమాని నవ్వేశాడు. ఏనుగు మాత్రం నవ్వలేదు.

అటూ ఇటూ ఊగుతూ వచ్చాడు ఏనుగు. ఒళ్ళంతా కప్పే ఓవరాల్ బొత్తాలు తెగేలా ఉన్నాయి. తలకి టోపీ, చేతులకి తొడుగులు, చెక్కపొట్టు పడకుండా ముక్కునుంచి మెడదాకా గుడ్డ.

"జాగ్రత్తంటే వీణ్ణి చూసి నేర్చుకోవాలి. ఈమధ్య కళ్ళు తప్ప ఏదీ బయటపెట్టడు," అన్నాడు యజమాని. "కాస్త ఒళ్ళు తగ్గించరా బాబూ, గుండాగి పోతావు!"

"తగ్గితే పనిలో ఉంచుకుంటారేంటి?" అన్నాడు ఏనుగు.

షెడ్డంతా గొల్లున నవ్వింది.

ఏనుగు ఎక్కాడు. ఒక్కో మెట్టు మీదా ఆగి, రెండు కాళ్ళూ మోపి కుదిపాడు. సగం దూరం వెళ్ళేసరికి ఆయాసం కింది దాకా వినిపించింది. నుదురు మెట్టుకి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. నిచ్చెన కిక్కురుమనలేదు. చివరికి కప్పు మీద చెయ్యి వేసి, ఎంత నెమ్మదిగా ఎక్కాడో అంత నెమ్మదిగా దిగి, బండికి జారగిలబడ్డాడు.

ఆమె దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యగారూ, మీకు దండం పెడతాను, నిజం చెప్పండి. తమ్ముడు ఎలాగూ మంచాన పడ్డాడు. ఈయనకి కూడా ఏమైనా అయితే నాకు దిక్కులేదు. గట్టిగా ఉందా?"

ఏనుగు ఆమెని చూశాడు. తర్వాత యజమానిని చూశాడు.

"వెనక పట్టీ వేస్తేనే మంచిదమ్మా," అన్నాడు మెల్లగా.

"అదేంట్రా?" యజమాని గొంతు పెరిగింది. "నిచ్చెన ఊగిందా?"

"లేదు."

"చప్పుడొచ్చిందా?"

"లేదు."

"మరి ఇంకేంటి నీ అనుమానం? చెప్పు, వింటాం."

ఏనుగు ఏదో చెప్పబోయాడు. చెప్పలేక తల దించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమటేమో అనుకున్నారంతా.

"ఏం లేదు. బాగానే ఉంది."

భార్య ముఖం తేటపడింది. తమ్ముడు పడ్డాక ఆమె అంత తేలిగ్గా నిట్టూర్చడం ఇదే మొదలు. "పోన్లెండి. ఇంత మనిషిని మోసింది, మా ఆయన్ని మొయ్యదా!"

"హమ్మయ్య! ఇంక నా ప్రాణం తియ్యవుగా?" అన్నాడు భర్త.

"తియ్యను బాబూ. రోజుకి పదిసార్లు ఎక్కండి, నోరెత్తితే ఒట్టు."

తాళాలు చేతులు మారాయి. బండి గేటు దాటింది. ఆమె కిటికీలోంచి ఏనుగుకి చెయ్యి ఊపింది. ఏనుగు కూడా ఊపాడు.

ఆ సాయంత్రం ఏనుగు ఇంటికి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, ఓవరాల్ విప్పి, ఒంటికి చుట్టుకున్న దుప్పట్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద వేస్తే, లోపల మిగిలింది రోగం తినగా విడిచిన నలభై అయిదు కిలోల మనిషి.