నాలుగో అంకె

"ల్యాప్‌టాప్ తెరిస్తే నంబర్ అడుగుతుందన్నా. గా నంబర్ అడగకుండ జెయ్యాలె."

ఆమె పేరు సుహాసిని. వనపర్తి బస్టాండ్ వెనక సందులో ఉన్న శివశంకర్ రిపేరు దుకాణానికి నంబర్ మర్చిపోయినవాళ్లు రోజుకు నలుగురైనా వస్తారు. ఈమె కూడా అదే బాపతు అనుకున్నాడు.

"మర్చిపోయిన్రా అక్కా?"

"మర్చిపోతే బాగుండు."

శివశంకర్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"ల్యాప్‌టాప్ మీదేనా?"

"మా ఆయనది. పోయిండు. ఏడాదైంది."

శివశంకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోయినవాళ్ల వస్తువంటే అతనికి చెడ్డ భయం. ఆ సంగతి సందంతా తెలిసిందే. మనిషి పుట్టు పిరికివాడేం కాదు. పోయిన వానాకాలం ఒక సాయంత్రం దుకాణం కట్టేసి పెబ్బేరులో ఇంటికి పోతూ, దారిలో ఏం చూశాడో ఏమో, ముఖాన నెత్తురు చుక్క లేకుండా ఇల్లు చేరాడు. మూడు రోజులు చలిజ్వరం. తల్లి జానకమ్మ దిష్టి తీసింది, దండచేతికి తాయెత్తు కట్టించింది. ఏం చూసినవ్ కొడుకా అని ఎంత అడిగినా నోరు విప్పలేదు. అప్పట్నుంచి మోటార్ సైకిల్ ఇంటి వెనక టార్పాలిన్ కిందనే ఉంది. అతను బస్సులో వస్తాడు, పొద్దు గుంకకముందే బస్సులో పోతాడు. ఖాళీ ఉన్నా కిటికీ పక్కన మాత్రం కూర్చోడు.

చాయ్ దుకాణం నాగప్పకు ఇదంతా తమాషా. "ఏంది శివన్నా, నీ దయ్యం ఇయ్యాల సెలవు పెట్టిందా?" అంటూ రెండు గ్లాసులు బల్లమీద పెట్టి పోయాడు. శివశంకర్ చొక్కా చేతిని తాయెత్తు మీదికి లాక్కున్నాడు.

"టైపింగ్ చేసి ఇద్దరు పిల్లల్ని సాక్కుంటున్న అన్నా" అంది సుహాసిని. "పొద్దున లేస్తే దీనితోనే పని. మూత తెరుస్తనో లేదో గా నాలుగంకెలు కొట్టాలె. కొట్టినంక గంటసేపు చేతులు ఆడవు. గిట్ల ఏడాది. ఇగ నాతోని కాదు."

"నంబర్ మార్చుకోవచ్చు గద?"

"రెండుసార్లు మార్చిన. వేళ్లు పాతదే కొడుతున్నయ్. మల్ల పాతదే పెట్టుకున్న. అసలు అడగకుంటెనే నేను బతుకుత."

ఎవరి నొప్పి వాళ్లకే ఎరుక అంటారు గానీ, ఈమె నొప్పి శివశంకర్‌కు బాగానే ఎరుకైంది. వెంటబడేది ఎట్లా వెంటబడుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. భయం సంగతి పక్కనబెట్టి ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు.

"తీసేస్త అక్కా. పైసలు గూడ వద్దు. రేపట్నించి మూత తెరిస్తే సీదా లోపలికే పోతది. కాకపోతే, తీసెయ్యాలన్నా ఆఖరుసారి గా నంబర్ కొట్టాల్సిందే."

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది. "నేను కొట్ట. నేను చెప్త, మీరు కొట్టుర్రి."

ల్యాప్‌టాప్ వెలిగింది. నంబర్ అడిగే గడి తెరమీదికి వచ్చింది.

"గింత బాధపెట్టే నంబర్ ఎందుకు పెట్టుకున్నరక్కా?"

"మర్వొద్దని." ఆమె ఆ గడినే చూస్తోంది. "వానల వస్తుంటె ఎవడో బండితోని గుద్ది, ఆగకుండ పోయిండు. దవాఖానల మా ఆయన గా బండి నంబర్ల ఆఖరి నాలుగంకెలే చెప్పగలిగిండు. గంతతోని దొరకదన్నరు పోలీసోళ్లు. కాగితం మీద రాస్తే పోతదని ఇందుల పెట్టిన. రోజూ కొడితె, ఎన్నడో ఒకనాడు రోడ్డు మీద కనబడితె గుర్తుపడ్త అనుకున్న. ఇగ చాలు. వాడెవడో, వాణ్ని దేవుడే చూసుకుంటడు. నా పిల్లలకు నేను కావాలె."

చాయ్ మీద మీగడ కట్టింది. ఇద్దరూ గ్లాసు ముట్టలేదు.

"ఏడు" అంది.

అతను నొక్కాడు.

"సున్న."

నొక్కాడు.

"మూడు."

అక్కడ ఆమె ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె ఆఖరి అంకె చెప్పనేలేదు, ఆమె చూస్తుండగానే శివశంకర్ వేలు దానంతటదే పోయి తొమ్మిది నొక్కింది, ల్యాప్‌టాప్ తెరుచుకుంది.